ట్రంకు పెట్టె నిండా తెలుగు దస్తావేజులు, చిన్న స్కానర్ కొంటే పనవుతుందా?

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం అండి. నాన్నగారు పోయి ఏడాది అయింది, ఇప్పుడు ఇల్లు సర్దుతుంటే ఒక ట్రంకు పెట్టె, బీరువాలో రెండు అరలు మొత్తం కాగితాలే. తాతగారి నాటి క్రయ దస్తావేజులు ఉన్నాయి, కొన్ని 1936కి ముందువి, అంటే ఒడిశా వేరే రాష్ట్రం అవ్వకముందు, మనం ఇంకా మద్రాసు కింద ఉన్నప్పటివి, అవన్నీ తెలుగే. తర్వాతి పట్టాలు ఒడియా. ఇవి కాక నాన్న కొట్టు లెక్కల పుస్తకాలు, ఎల్‌ఐసీ రసీదులు, కరెంటు బిల్లులు, అమ్మ ఆస్పత్రి చీటీలు.

2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కింద అరలోకి నీళ్ళు ఎక్కేశాయి. నాన్న వారం రోజులు చాప మీద ఒక్కో కాగితం పరిచి ఆరబెట్టారు, అయినా కొన్నిటి మీద సిరా పాకిపోయి ఏమీ కనబడట్లేదు. మళ్ళీ అలాగ జరిగితే నాకు ఆ ఓపిక లేదు. అందుకే చేతిలో పట్టే చిన్న పోర్టబుల్ స్కానర్ ఒకటి కొని మొత్తం ఎక్కించేసి కాగితాలు తీసేద్దామని. తమ్ముడు భువనేశ్వర్‌లో ఉంటాడు, వాడికీ ఒక కాపీ ఉంటుంది.

ఫోన్‌తో తీస్తే చాలదా, స్కానరే కావాలా? ఏది కొనాలి? స్కాన్ అయ్యాక అసలువి పారేయొచ్చా? ఇంకోటి, మా పిల్లలకి ఒడియా, ఇంగ్లీషు తప్ప తెలుగు చదవడం రాదు, రేపు ఈ ఫైళ్ళు తెరిస్తే వాళ్ళకేటి అర్థమవుతుందో అదొక బెంగ.

బరంపురం_పట్టుచీర

అక్కా, నేను మూడేళ్ళుగా కొట్టు బిల్లులన్నీ ఇలాంటి స్కానర్‌తోనే ఎక్కిస్తున్నాను కాబట్టి చెప్తున్నా. ఫోన్ పదీ ఇరవై కాగితాలకి బావుంటుంది, వందల్లోకి వెళ్తే మాత్రం నీడలు పడడం, వంకర రావడం, మెడ నొప్పి, మూడో రోజుకి వదిలేస్తాం. పోర్టబుల్‌లో కాగితం ఒక వైపు పెడితే రోలర్లు లాక్కుని ఇంకో వైపు వదుల్తాయి, పేజీకి నాలుగైదు సెకన్లు. బ్రదర్ డీఎస్‌-640 లాంటివి ల్యాప్‌టాప్ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తాయి, స్కాన్‌స్నాప్ ఐఎక్స్‌100కి లోపల బ్యాటరీ, వైఫై ఉంటాయి కాబట్టి ల్యాప్‌టాప్ లేకపోయినా ఫోన్‌లోకే వచ్చేస్తుంది. రెండూ ఒకసారికి ఒక వైపే చదువుతాయి, వెనక పేజీ ఉంటే మళ్ళీ తిప్పి పెట్టాలి. రెండు వైపులా ఒకేసారి కావాలంటే డ్యూప్లెక్స్ అని రాసి ఉన్నది చూసుకోండి, బ్రదర్‌లోనే డీఎస్‌-740డీ ఉంది.

మీకు పనికొచ్చే సంగతి ఇంకోటి, స్టాంపు పేపరు లీగల్ సైజు, 14 అంగుళాల పొడుగు. ఇంట్లో ఉండే ప్రింటరు స్కానర్ల అద్దం ఏ4 వరకే, అందులో పెడితే కింద సంతకాలు, సీలు బయటే ఉండిపోతాయి. ఈ లాగే స్కానర్లలో పొడుగు కాగితం మొత్తం ఒకే పేజీగా వస్తుంది.

సెట్టింగులు మొదట్లోనే సరిచేసుకోండి. మామూలు బిల్లుకి 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క, ఎక్కువైతే స్పష్టంగా వస్తుంది) చాలు, వెలిసిపోయిన సిరా, సీళ్ళు ఉన్నవాటికి 600 పెట్టండి, అదీ కలర్‌లోనే. నేను మొదటి ఆరు నెలలు సైజు తక్కువ వస్తుందని బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టాను, తీరా చూస్తే నీలం సీళ్ళు ఎగిరిపోయాయి, మళ్ళీ మొదట్నుంచీ చేసుకున్నాను. స్కాన్‌లో నిలువుగా గీత కనబడితే లోపల అద్దం మీద దుమ్ము పడిందన్నమాట, మెత్తని పొడి గుడ్డతో తుడిస్తే పోతుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు మాత్రం ఒక్కటి కూడా మిగలకూడదు, అద్దం మీద గీత పడిందంటే ఇంక అది పోదు.

ఏటీఎం చీటీలు, పెట్రోల్ బంకు, మందుల షాపు రసీదుల్లో చాలావరకు వేడికి రంగు మారే కాగితం మీద వేసినవి, అవి వాటంతటవే తెల్లగా అయిపోతాయి. ముందు అవి చెయ్యండి, దస్తావేజులు ఇన్నాళ్ళు ఆగాయి, ఇంకో నెల ఆగుతాయి.

రాయగడ_కోర్టుమెట్లు

పైన చెప్పినదంతా బాగుంది కానీ అమ్మా, పారేసే ముందు నా మాట వినండి. నేను దస్తావేజుల పనిలో ఉన్నవాణ్ణి, స్కాన్ ఉందని అసలు పారేసి తర్వాత ఏడ్చినవాళ్ళని చూశాను.

క్రయ దస్తావేజు, భాగపరిష్కారం, వీలునామా, పట్టా, తనఖా తీరిన కాగితం, ఇవి ఎన్ని స్కాన్‌లు ఉన్నా అసలువి ఉండాల్సిందే. రేపు ఆ స్థలం మీద బ్యాంకు అప్పు కావాలంటే వాళ్ళు అడిగేది అసలు దస్తావేజే, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోనే అసలు పత్రాలు దగ్గర పెట్టుకుని అప్పిచ్చే పద్ధతి ఉంది, పీడీఎఫ్ దగ్గర పెట్టుకుని ఎవరూ ఇవ్వరు. ఇంకో సంగతి, 30 ఏళ్ళు దాటిన కాగితం ఉండాల్సిన వాళ్ళ దగ్గర్నుంచే బయటికొస్తే అందులో సంతకం, రాత నిజమైనవేనని కోర్టు అనుకోవచ్చు, పాత సాక్ష్య చట్టంలో అది సెక్షన్ 90, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ 92. ఆ బలం మీ తాతగారి కాగితానికే ఉంది, దాని ఫొటోకి కాదు. అసలు ఎప్పుడైనా పోతే రిజిస్ట్రేషన్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడగొచ్చు, ఆ రోజు మీ స్కాన్‌లో ఉన్న దస్తావేజు నెంబరు, ఏడాది, ఆఫీసు పేరు మీ చేతికి ఆధారం. స్కాన్ విలువ అక్కడుంది.

డిజిలాకర్‌లో, అంటే ప్రభుత్వం ఇచ్చే ఆన్‌లైన్ పత్రాల పెట్టెలో, పెట్టేస్తాం అంటారు కొందరు. ప్రభుత్వ శాఖ నేరుగా అందులోకి పంపిన పత్రం అసలుతో సమానం, మనం స్కాన్ చేసి ఎక్కించుకున్నది మన కాపీ మాత్రమే.

కొట్టు లెక్కలంటే, జీఎస్టీ ఉన్న వ్యాపారమైతే వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి, ఆ లోపువి కదపకండి. అది దాటినవాటిలో కరెంటు బిల్లులు, పాత రసీదులు తీసేయొచ్చు, దాంతోనే సగం బీరువా ఖాళీ అవుతుంది.

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి)

మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. పారేయడం గురించి మీరు చెప్పింది చదివి నిజంగా గుండె ఝల్లుమంది, ఒక గోనెసంచి కట్టి పెట్టేశాను కూడా, సాయంత్రమే విప్పేశాను. ఒక సందేహం, తాతగారి దస్తావేజులు మడతల దగ్గర విరిగిపోతున్నాయి, ముట్టుకుంటేనే అంచులు రాలుతున్నాయి. వీటిని రోలర్లలో పెట్టొచ్చా? లామినేషన్ చేయించేసి పెడితే? ఇంకా ఆ రాత ఏటో అస్సలు అర్థం కావట్లేదు, తెలుగే కానీ అక్షరాలన్నీ ఒకదానికొకటి తగులుకుని ఉన్నాయి.

జయపురం_పాతబడి

తల్లీ, లామినేషన్ మాట మరిచిపో. వేడికి, జిగురుకి కాగితం ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది, తర్వాత దాన్ని ఎవరూ విడదీయలేరు. సెల్లో టేపూ వద్దు, కొన్నేళ్ళకి పసుపు మరకై అక్షరాన్ని తినేస్తుంది. విరిగే కాగితం రోలర్లలో పెట్టకు, ఒక్క క్షణంలో నలిగి ముక్కలవుతుంది. దాన్ని నల్లటి గుడ్డ మీద పరిచి, పొద్దున్న కిటికీ పక్కన ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోన్ సరిగ్గా పైనుంచి పట్టుకుని తియ్యి. చిన్న స్కానరు మిగతా కాగితాలకి వాడుకో. అసలువి మడతలు విప్పి వెడల్పు ఫైల్లో పెట్టి, నేలకి ఎత్తుగా ఉంచమ్మా.

ఆ రాతని గొలుసుకట్టు అంటారు. కలం ఎత్తకుండా రాసే పద్ధతి, మా నాన్నగారి తరం కరణాలు అలాగే రాసేవారు. అచ్చు అక్షరమైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌లో తెరిస్తే తెలుగూ ఒడియా రెండూ చాలావరకు చదివేస్తుంది, గొలుసుకట్టు మాత్రం దాని వల్ల కాదు. కాబట్టి స్కాన్ చేసినంత మాత్రాన ఆ కాగితం నీ పిల్లలకి అందినట్టు కాదు, అది చదవగలిగిన మనిషి పోతే బొమ్మ మాత్రమే మిగుల్తుంది. మీ ఇంట్లో గానీ చుట్టాల్లో గానీ ఎనభై దాటినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఈ నెలలోనే వెళ్ళు, స్కానర్ కోసం ఆగకు. వాళ్ళచేత పైకి చదివించి ఫోన్‌లో రికార్డు చెయ్యి. అమ్మినవారు, కొన్నవారు, ఊరు, సర్వే నెంబరు, నాలుగు హద్దులు, ఎన్ని రూపాయల ఎన్ని అణాలు, ఇవి వింటూ ఒక కాగితం మీద ఒడియాలో రాసి, ఆ కాగితాన్ని కూడా స్కాన్ చేసి అదే పీడీఎఫ్‌లో మొదటి పేజీగా కలుపు. అప్పుడు తెలుగు రాని మనవడు కూడా తెరిచి చదువుకుంటాడు. పాత సర్వే నెంబరుకి ఇప్పటి ప్లాటు నెంబరు ఏదో తెలిస్తే పక్కనే రాయి, దానికోసమే తహసీలు చుట్టూ తిరిగిన కుటుంబాలు మా జయపురంలో చాలా ఉన్నాయి.

ఫైలు పేరు ఏడాదితో మొదలుపెట్టు, 1931, తర్వాత ఊరు, తర్వాత క్రయమో తనఖానో. ఏ లిపిలో రాసినా అంకెల వల్ల వరసలో ఉంటాయి.

బరంపురం_పట్టుచీర

మాస్టారు చెప్పింది నాకూ కొత్తే, మా ఇంట్లోనూ అలాంటివి నాలుగున్నాయి. అక్కా, కాపీలు మూడు చోట్ల పెట్టండి, ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, మూడోది మీ తమ్ముడి దగ్గర. తుఫాను వస్తే పర్లాకిమిడిలో ఉన్న రెండూ ఒకేసారి తడవొచ్చు, భువనేశ్వర్‌ది మిగుల్తుంది. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి.

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి)

మాస్టారూ, మా పెద్ద మేనత్తకి ఎనభై మూడు, టెక్కలిలో ఉంటారు. నిన్న ఆదివారం వెళ్ళాను, మూడు దస్తావేజులు చీరలో చుట్టుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మొదటి వాక్యం నుంచి గడగడా చదివేశారు, నేను నోరు తెరుచుకుని విన్నాను. ఒకచోట ఆగి, తూర్పు హద్దు అని రాసిన మర్రిచెట్టు కిందే తను చిన్నప్పుడు ఆడుకునేదాన్నని చెప్పారు, ఆ చెట్టు ఇప్పుడు లేదు. అదంతా రికార్డులో ఉంది, నలభై నిమిషాలు వచ్చింది. ఇంకా పదకొండు దస్తావేజులు మిగిలాయి, వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నా, ఈసారి తమ్ముణ్ణీ రమ్మన్నాను. స్కానరు రెండు వైపులా చదివేది ఆర్డరు పెట్టాను, వచ్చాక మందుల రసీదులతో మొదలుపెడతాను.