హాస్టల్ పిల్లల డిప్రెషన్‌ను ముందే పసిగడుతుందంటున్న కృత్రిమ మేధ: కళాశాల కొనవచ్చా?

ప్రశ్న: మద్దిలపాలెం లెక్చరర్

విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పదకొండేళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా హాస్టల్లో ఎంపీసీ, బైపీసీ కలిపి వెయ్యిమంది వరకూ ఉంటారు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపుల నుంచి తొలిసారి ఇల్లు విడిచి వచ్చిన పిల్లలు. గత వారం ఒక కంపెనీ ప్రతినిధి మా యాజమాన్యానికి ఒక సాఫ్ట్‌వేర్ చూపించారు. తరగతి గది కెమెరాల్లో కనిపించే ముఖకవళికలు, బయోమెట్రిక్ హాజరు, వీకెండ్ టెస్టుల మార్కులు కలిపి చూసి, ఏ విద్యార్థి డిప్రెషన్‌లోకి జారుతున్నాడో ఇది ముందుగానే చెబుతుందని, ప్రతి పేరు పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కల్లో ఏదో ఒకటి కనిపిస్తుందని వివరించారు. కళాశాలలో ప్రింటర్ మొరాయించినా నన్నే పిలుస్తారు కాబట్టి, దీన్ని కొనవచ్చో లేదో అభిప్రాయం రాసి ఇచ్చే పని కూడా నా మీదే పడింది.

నా సందేహానికి కారణం రెండేళ్ల కిందటి సంగతి. ఒక బైపీసీ కుర్రవాడు నెల రోజులపాటు దాదాపు రోజూ స్టాఫ్ రూముకు వచ్చి తలనొప్పి మాత్ర అడిగేవాడు. నేనూ పెద్దగా ఆలోచించకుండా ఇచ్చేవాణ్ని. అతని హాజరు తగ్గలేదు, మార్కులూ తగ్గలేదు. ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో వరుసల మధ్య తిరుగుతుంటే, అతని ముందు నోట్సులో సిరా మరక పడిన ఒక పుట తెరిచి ఉంది. మర్నాడూ అదే పుట, ఆ మర్నాడూ అదే మరక. పక్కన కూర్చుని "ఏమైంది నాన్నా?" అని అడిగితే, చాలాసేపటికి "నిద్ర పట్టడం లేదు సార్" అన్నాడు. తల్లిదండ్రులను పిలిపించాం, వైద్యం జరిగింది, ఇప్పుడు సొంతూరికి దగ్గర్లో డిగ్రీ చదువుతున్నాడు. ఆ నెల రోజులూ ఈ యంత్రం అతని పేరు పక్కన ఏ రంగు చుక్క పెట్టి ఉండేది? తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: రుషికొండ ఇంజినీరు

లెక్చరర్ గారూ, ఇలాంటి కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు తయారు చేయడమే నా వృత్తి కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. ఈ రంగంలో పరిశోధన బూటకమేమీ కాదు. 2013లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో 48 మంది విద్యార్థుల ఫోన్ల నుంచి పది వారాలపాటు సమాచారం సేకరించి, నిద్ర, మాటామంతీ తగ్గడానికీ డిప్రెషన్ ప్రశ్నావళిలో వచ్చే స్కోరుకూ సంబంధం ఉందని చూపారు. గొంతును బట్టి డిప్రెషన్‌ను గుర్తించే ప్రయత్నాల్లో ఎక్కువగా వాడే సమాచారం దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సేకరించిన 189 ఇంటర్వ్యూలు. అవి ఇంగ్లిషులో, పెద్దవాళ్లతో జరిగినవి. టెక్కలి కుర్రవాడి యాసకూ, సాగదీసి మాట్లాడే తీరుకూ అక్కడ నేర్చుకున్న కొలతలు సరిపోతాయని నేనైతే సంతకం పెట్టను.

అయినా మీ హాస్టల్లో పిల్లల చేతికి ఫోనే ఇవ్వరు కదా. ఫోన్ లేనప్పుడు ఆ యంత్రానికి మిగిలేది మార్కులు, హాజరు, ముఖం. మీరు చెప్పిన అబ్బాయి విషయంలో మొదటి రెండూ మామూలుగానే ఉన్నాయి. ఇక ముఖమంటారా, తెల్లవారకముందే లేచి స్టడీ అవర్‌లో కూర్చున్న పిల్లల్లో దిగాలుగా కనిపించనివాడెవడు? యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టం, వైద్య, భద్రతా కారణాలు మినహా, విద్యాసంస్థల్లో భావోద్వేగాలను పసిగట్టే వ్యవస్థలను నిషేధించింది. 2025 ఫిబ్రవరి 2 నుంచి అది అమల్లో ఉంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులున్నా, తల్లిదండ్రుల అనుమతి, ప్రవర్తనపై నిఘా అనే రెండు అంశాలను మీ యాజమాన్యం న్యాయవాదికి చూపించకుండా ముందుకు వెళ్లకూడదు.

ఒక చిన్న లెక్క కూడా చూడండి. మీ వెయ్యిమందిలో వందమందికి డిప్రెషన్ ఉందనుకుందాం. ఇది లెక్క కోసం అనుకున్న సంఖ్య మాత్రమే. ఉన్నవారిలోనూ లేనివారిలోనూ నూటికి 80 మందిని యంత్రం సరిగ్గా చెబుతుందనుకుంటే, వందమందిలో 80 మందికి ఎర్ర చుక్క పడుతుంది, 20 మందిని అది గుర్తించదు. మిగిలిన 900 మందిలో 180 మందికి అకారణంగా ఎర్ర చుక్క పడుతుంది. అంటే మీ బల్ల మీదికి 260 పేర్లు వస్తాయి, వాటిలో మూడింట రెండు వంతులకు పైగా పొరపాటు. కంపెనీవారు "80 శాతం కచ్చితత్వం" అని చెప్పేటప్పుడు ఈ 260 సంగతి చెప్పరు.

జవాబు: గాజువాక తండ్రి

మా అమ్మాయి కూడా ఇలాంటి హాస్టల్లోనే చదువుతోంది. ఇంజినీరు గారి లెక్క అర్థమైంది కానీ, ఒక తండ్రిగా నాకు 180 పొరపాట్లు పెద్దగా కనిపించడం లేదు. నూటయాభై సార్లు ఊరికే ఫోన్ చేసినా పరవాలేదు, అవసరమైన ఒక్కసారి చేస్తే చాలు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అంతమంది పిల్లలను ఇప్పటి మానవ పర్యవేక్షణ ఎంతవరకు ఆదుకుందో అందరికీ తెలుసు.

జవాబు: ఒక మానసిక వైద్యురాలు

గాజువాక నుంచి రాసిన వారి ఆవేదన న్యాయమైనదే. ముందుగా వారికే జవాబు చెబుతాను. ఎర్ర చుక్క పడిన 260 మందితోనూ ఎవరైనా అరగంట చొప్పున కూర్చుని మాట్లాడేటట్టయితే, ఆ 180 పొరపాట్ల వల్ల పెద్ద నష్టం లేదు. అలా కూర్చునే మనిషి లేనప్పుడు ఆ జాబితా వార్డెన్ చేతికి వెళుతుంది, అక్కడి నుంచి గదులకు పాకుతుంది. చినవాల్తేరు మానసిక వైద్యశాల పేరు చెప్పి తోటివారిని వెక్కిరించే వయసు అది. "వాడికి ఎర్ర చుక్కరా" అనే మాట ఒక్కసారి పుడితే, నిజంగా బాధలో ఉన్న పిల్లవాడు నోరు విప్పడు.

నా ఓపీకి వచ్చే ఇంటర్ విద్యార్థుల్లో "నాకు దిగులుగా ఉంది" అని మొదలుపెట్టేవారు అరుదు. తలనొప్పి, కడుపులో మంట, గుండెల్లో బరువు, చదివింది బుర్రకెక్కడం లేదనే మాట ముందు వస్తాయి. వెంట వచ్చిన అమ్మమ్మ మాత్రం "బెంగెట్టుకున్నాడమ్మా" అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది, చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. ఈ వయసులో దిగులుకు బదులు చిరాకే ప్రధానంగా కనిపించవచ్చు కాబట్టి, పొగరుబోతని ముద్రపడిన పిల్లల్లోనూ కొందరు వైద్యం అవసరమైనవారే. లెక్చరర్ గారూ, మీ విద్యార్థి నెల రోజులూ తలనొప్పి రూపంలో చెబుతూనే ఉన్నాడు. మిమ్మల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వైద్యులమైన మేమే ఎన్నోసార్లు మాత్ర రాసి పంపించేశాం.

ముందుగా గుర్తించడానికి యంత్రమే ఉండాలని లేదు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం 2001 నుంచి వాడుకలో ఉంది. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది, ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు వరకు, మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే వివరంగా పరీక్షించాలని సాధారణంగా అనుకుంటాం. అంతేగాని అదే రోగనిర్ధారణ కాదు. కౌమారంలో ఉన్నవారికి దాన్నే కాస్త మార్చిన రూపం ఉంది. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండుననే, తనను తాను గాయపరచుకోవాలనే ఆలోచనల గురించి. ఆ ప్రశ్నకు సున్నా కాని జవాబిచ్చిన పిల్లవాడి దగ్గరికి ఆ రోజే ఒక మనిషి వెళ్లలేకపోతే, పత్రమైనా సాఫ్ట్‌వేరైనా పంచనే కూడదు.

మన నగరంలోనే 2023లో జరిగిన ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో, సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పును మీ యాజమాన్యం చదివిందో లేదో కనుక్కోండి. వందమంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సిలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం మానాలని, టెలి మానస్ వంటి సహాయ నంబర్లు అందరికీ కనబడేలా రాసి ఉంచాలని అందులో ఉంది. టెలి మానస్ నంబరు 14416. ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడవచ్చు, రుసుము లేదు.

జవాబు: మాజీ హాస్టల్ విద్యార్థి

నేను నాలుగేళ్ల కిందట ఇలాంటి హాస్టల్లోనే ఉన్నాను. మా చేత నెలకోసారి "మానసిక ఆరోగ్య పత్రం" అని ఒకటి నింపించేవారు. పైన హాల్ టికెట్ నంబరు వేయాలి, నింపాక వార్డెన్‌కు ఇవ్వాలి. అందరం "బాగున్నాను" అనే రాశాం. కెమెరా ముఖాలు చూస్తుందని తెలిస్తే దానికి సరిపడా ముఖం పెట్టుకోవడం ఒక వారంలో నేర్చుకుంటారు. ఆదివారం ఇంటికి ఫోన్ చేయడానికి మాకు పది నిమిషాలు ఇచ్చేవారు, వెనక వరుసలో ఇరవైమంది వింటూ ఉండేవారు. అమ్మతో ఏం మాట్లాడగలం? "తిన్నావా, తిన్నాను" తోనే సమయం అయిపోయేది.

ప్రశ్న అడిగినవారి జవాబు: మద్దిలపాలెం లెక్చరర్

అందరికీ కృతజ్ఞతలు. కెమెరాలతో, మార్కులతో నడిచే ఈ సాఫ్ట్‌వేర్ వద్దని, ఆ సొమ్ముతో పూర్తికాలం కౌన్సిలర్‌ను నియమించాలని, ఆ తరువాతే ప్రశ్నావళి గురించి ఆలోచించాలని రాశాను. గాజువాక నుంచి రాసిన తండ్రి గారి మాట కూడా చేర్చాను: అనుమానం వస్తే ఫోన్ చేయడానికి జంకవద్దని. డాక్టర్ గారి మాట చదివాక సిక్ రూము రిజిస్టరు తెప్పించుకుని రాత్రి పొద్దుపోయేదాకా చూశాను. గత రెండు నెలల్లో తలనొప్పికో కడుపునొప్పికో ఎనిమిదిసార్లకు మించి మాత్ర తీసుకున్నవారు పద్నాలుగు మంది తేలారు. వారిలో నలుగురు టాప్ బ్యాచ్‌వాళ్లు. రేపటి నుంచి రోజుకు ఇద్దరితో క్యాంటీన్ దగ్గర టీ తాగుతూ మాట్లాడదామనుకుంటున్నాను. అవసరమైనవారిని తల్లిదండ్రులకు చెప్పి వైద్యుల దగ్గరికి పంపుతాం.

ఇక కౌన్సిలర్‌కు గది చూడమన్నారు. ప్రిన్సిపాల్ గారి గది పక్కనే ఒకటి ఖాళీగా ఉందన్నారు కానీ, ఆ వరండాలోకి ఏ పిల్లవాడూ కావాలని అడుగు పెట్టడు. మెస్ వెనక పాత ఓఎంఆర్ పత్రాలు పడేసిన గది ఒకటి ఉంది, దాని తాళం కోసం అడుగుతున్నాను.