ముసురు వల్ల తెగులా, బూజు వల్లా? బర్క్లీ ఫాదర్ గురించి డౌట్

మిర్చిరైతుబిడ్డ:
నమస్తే అండి, మాది గుంటూరు దగ్గరే, మిర్చి వేస్తాం. కాయ పండే టైంకి ముసురు పట్టి కాయకుళ్ళు తగులుకుంది, యార్డుకి తీసుకెళ్తే సగం తాలు కింద పోయేట్టుంది. మా నాన్న వాన వల్లే అంటాడు, మందుల షాపాయన ఫంగస్ అంటాడు. బర్క్లీ అని ఇంగ్లండులో ఒక చర్చి ఫాదర్ బంగాళాదుంప మీద ఇదే గొడవ 1846లోనే తేల్చేశాడంట కదా? ఫాదర్‌కి తెగుళ్ళతో పనేంటి అసలు?

బాపట్ల_అగ్రి:
నిజమే బ్రో. మైల్స్ జోసెఫ్ బర్క్లీ, కింగ్స్ క్లిఫ్ అనే ఊళ్ళో ఉంటూ పక్కూళ్ళ చర్చిలు చూసుకునేవాడు, మిగతా టైం అంతా నాచు, పుట్టగొడుగులు, బూజు, అదో పిచ్చి. డార్విన్ ఓడలో తిరిగి పట్టుకొచ్చిన ఫంగస్ శాంపిళ్ళు కూడా ఈయనే చూసిపెట్టాడు. 1845లో ఐర్లండులో దుంప కుళ్ళడం మొదలైంది, ఆ కరువులో పది లక్షల మంది దాకా పోయారు. అప్పుడు లిండ్లీ అని పెద్ద బోటనీ ప్రొఫెసర్ అచ్చం మీ నాన్నగారి మాటే అన్నాడు, వానలకి మొక్క నీళ్ళు ఎక్కువ తాగి కుళ్ళింది, కుళ్ళాక బూజు పట్టింది అని. ఫాదర్ ఏం చేశాడంటే ఆకు అడుగున మచ్చ చుట్టూ తెల్లగా నూగులా ఉంటుంది చూడు, అది మైక్రోస్కోప్ కింద పెట్టాడు. ఆకు రంధ్రాల్లోంచి సన్నటి దారాలు బయటికొచ్చి కొమ్మలేసి చివర్న స్పోర్లు (బూజుకి విత్తనాల్లాంటివి) కాసి ఉన్నాయి, బొమ్మలతో సహా అచ్చేయించి బూజు ముందు, కుళ్ళు తర్వాత అని రాసేశాడు.

బెజవాడ_మాస్టారు:
"తేల్చేశాడు" అంటే మాత్రం నేనొప్పుకోను. మంచి మొక్కకి అంటించి తెగులు తెప్పిస్తేనే కదా రుజువు, అది చేసింది జర్మనీ ఆయన డిబారీ, 1861లో. ఆ బూజుకి ఫైటాఫ్తోరా అని పేరు పెట్టిందీ ఆయనే. పైగా ఇప్పుడు దాన్ని అసలు ఫంగస్‌లోనే లెక్కేయరు, నీటి బూజుల జాతి. మన గోదావరి డెల్టాలో తాడిచెట్లకి మొవ్వు కుళ్ళు వచ్చేది కూడా దాని చుట్టం వల్లే. కాకపోతే ఫాదర్‌ది గట్టి గుండె, అంత పెద్ద ప్రొఫెసర్ ఎదురుగా ఉన్నా మాట మార్చలేదు, 1854 నుంచి మొక్కల జబ్బుల మీద వరసగా వ్యాసాలు రాశాడు, అవి వేసింది కూడా లిండ్లీ నడిపే పత్రికే!

మిర్చిరైతుబిడ్డ:
అయితే నాన్నది తప్పేనా సార్?

బాపట్ల_అగ్రి:
పూర్తిగా కాదులే. వాన తెగులుని పుట్టించదు, కానీ చినుకు చిమ్మినప్పుడు స్పోర్లు పక్క కాయ మీద పడతాయి, తడి ఆరకపోతే అక్కడే మొలుస్తాయి. మీ కాయ మీద గుంటపడ్డ మచ్చని భూతద్దంతో చూడు, నల్ల చుక్కలు రింగులు రింగులుగా ఉంటే ఫంగసే, అదే నాన్నకీ చూపించు. డౌటుంటే నాలుగు కాయలు కవర్లో వేసుకుని మీ గుంటూరు దగ్గర వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది కదా, ఆ లాం ఫారానికి వెళ్ళు. విత్తనం మాత్రం ఆ చేలోంచి తీయకండి, గింజతోపాటే వచ్చే ఏడు చేలోకి దిగుతుంది.