హనుమకొండ నుంచి కుంటాల: పొగమంచులో ఏ దారి మేలు?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో కారులో కుంటాల జలపాతానికి పోవాలె. పొద్దున 4కే బయలుదేరుదామనుకుంటున్నం. మంచిర్యాల, జన్నారం అడవి దారా, ఆర్మూర్ మీదుగానా?

జవాబు 1: ఆర్మూరే. కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ చేరి 44వ జాతీయ రహదారి ఎక్కండి, నిర్మల్ దాటినంక నేరడిగొండ దగ్గర దిగాలె. ఆ రహదారికి నడుమ డివైడర్ ఉంటది, ఎదురుబండ్ల లైట్లు కండ్లల్ల పడవు. జన్నారం దారి కవ్వాల్ పులుల అభయారణ్యంలోంచి పోతది. చీకట్ల దుప్పులు అడ్డమొస్తయి. 4కు మాత్రం వద్దండీ. సూర్యోదయం వేళకే మంచు బాగా చిక్కబడుతది. 7 దాటనియ్యండి. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద, చెరువుకట్టల పక్కన అప్పటికీ మంచు తెర ఉండొచ్చు.

జవాబు 2: మంచుల హైబీమ్ వేస్తే వెలుతురు తిరిగి మన కండ్లకే కొడుతది. లోబీమ్, ఫాగ్ లైట్లు చాలు. అద్దం లోపల మసకబారితే బట్టతో తుడుస్తూ కూర్చోవద్దు: ఏసీ ఆన్, గాలి అద్దం మీదికి, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే బటన్) ఆఫ్. లేకుంటే మన ఊపిరి చెమ్మ లోపల్నే తిరుగుతది. నడుస్తున్న బండికి హజార్డ్ లైట్లు (నాలుగు ఇండికేటర్లు ఒక్కసారే కొట్టుకునేవి) వేయకండి, ఎటు మలుగుతున్నరో వెనకాయనకు తెలువదు.

జవాబు 3: అసలు భయం పత్తి ట్రాక్టర్లతోనే. ట్రాలీకి వెనక లైటుండదు, బస్తాలు పక్కలకు పొడుచుకొచ్చి ఉంటయి. కనిపించే దూరంలో బండి ఆగేంత వేగమే పోండి. టైర్ల గాలి ఇంటికాడ, చల్లగున్నప్పుడే చూడండి.