షోరూమ్ సామానా, బయటి సామానా? 2015 స్విఫ్ట్‌కి ఏది వేయించాలి?

బీచ్‌రోడ్డు స్విఫ్ట్:
2015 పెట్రోల్ స్విఫ్ట్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉంది, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆర్కే బీచ్ దగ్గర ఆరుబయటే ఉంటుంది. ముందు లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని బండి అడుగుకి కలిపే చేతులు) రెండూ, బ్రేక్ ప్యాడ్లు, ఎడమ వీల్ బేరింగ్, ఏసీ కండెన్సర్ మార్చాలని షోరూమ్‌లో రాసిచ్చారు. గాజువాక ఆటోనగర్‌లో ఇవి చాలా తక్కువకి వస్తాయంటున్నారు. అన్నీ కంపెనీవే కావాలా?

ఆటోనగర్ పానా:
అక్కర్లేదండీ. బేరింగ్ ఎస్‌కేఎఫ్, ఎన్‌టీఎన్ లాంటివాళ్లది తీసుకోండి. వాళ్లు కార్ల కంపెనీలకి కూడా సరఫరా చేసేవాళ్లే. అసలు జాగ్రత్త బిగించే దగ్గర ఉండాలి. నకిల్‌లోకి, అంటే బేరింగ్ కూర్చునే దిమ్మలోకి, ప్రెస్ చేసేటప్పుడు బలం బయటి రింగ్ మీదే పడాలి. చక్రం బిగించే హబ్ ఎక్కించేటప్పుడు లోపలి రింగ్‌కి ఆనిక ఇవ్వాలి. బలం గుండ్ల మీదుగా వెళ్తే లోపల గుంటలు పడి, ఎంత మంచి బేరింగైనా కొద్ది రోజుల్లోనే హోరెత్తుతుంది. సుత్తితో కొట్టే చోట ఇవ్వొద్దు. ఏబీఎస్ కోసం మాగ్నెటిక్ రింగ్ ఉన్న రకమైతే ఆ వైపు, చక్రం వేగం చూసే సెన్సర్‌కి ఎదురుగా రావాలి. తిరగేస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది.

లోయర్ ఆర్మ్‌లు మాత్రం కంపెనీవే వేయించండి. చవక వాటిలో బుష్ (ఆర్మ్ బిగించే చోట కుదుపు ఆపే రబ్బరు ముక్క) తొందరగా చిరుగుతుంది, చక్రం వైపు ఉండే బాల్ జాయింట్ వదులవుతుంది. బుష్ బోల్టులు చివరిసారి బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీద ఉండాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది.

చల్లగాలి:
కండెన్సర్, అంటే ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే జాలీ, సంగతి చెప్తాను. అది అల్యూమినియం. ఉప్పుగాలికి దాని రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి, మన బీచ్ వైపు బండ్లలో మొదట పోయేది ఇదే. పేరున్న తయారీదారుదైతే బయటిది చాలు. పాతదాని పక్కన పెట్టి మందం, బ్రాకెట్లు, పైపు మూతులు సరిచూడండి. గ్యాస్‌లో తేమ పీల్చే డ్రయర్ విడిగా ఉంటే అదీ మార్చాలి, పైపుల అతుకుల దగ్గర ఉండే ఓ-రింగులు (రబ్బరు రింగులు) కొత్తవే వేయాలి. కనీసం అరగంట వాక్యూమ్ లాగించి, పావుగంట ఆపి, ఒత్తిడి చూపే గేజ్ ముల్లు కదలకపోతేనే గ్యాస్ నింపించండి. బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్న గ్రాముల లెక్కన తూకం వేసి ఎక్కించాలి, అందాజా వద్దు. పాత కండెన్సర్‌తో పోయిన కంప్రెసర్ ఆయిల్‌ని కూడా భర్తీ చేయాలి. ఇది మర్చిపోతే కంప్రెసర్ పోతుంది, ఆ ఖర్చు ముందు కండెన్సర్ ధర ఏపాటిది!

బీచ్‌రోడ్డు స్విఫ్ట్:
ప్యాడ్ల మాటేమిటి? సింహాచలం కొండకి తరచూ వెళ్తుంటాం, ఏడాదికోసారి అరకు.

ఆటోనగర్ పానా:
అయితే ఊరూపేరూ లేనివి అసలు వద్దు. ఘాట్ దిగేటప్పుడు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. కంపెనీవి గానీ, పేరున్న బ్రేకుల తయారీదారువి గానీ తీసుకోండి. డిస్క్ మందం కొలిపించండి, కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది. ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కాలిపర్ జరిగే పిన్నులు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది, అప్పుడు ఒక ప్యాడే అరిగిపోతుంది.

పార్ట్ నంబర్:
కంపెనీ డబ్బాలో డూప్లికేట్ కూడా వస్తుంది. ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ నంబర్ తీసుకోండి, డబ్బా మీద అదే ఉందో లేదో, ఎమ్మార్పీ, ప్యాకింగ్ నెల చూడండి. జీఎస్టీ బిల్లు ఇవ్వనంటే ఆ కొట్టు వదిలేయండి. ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ తిరిగినా ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు అందించే తీగచుట్ట), ఇంజిన్ సెన్సర్లు ఎప్పుడొచ్చినా షోరూమ్‌లోనే కొనండి. ఇప్పుడు ఆర్మ్‌లు మార్చాక అలైన్‌మెంట్ చేయించడం మర్చిపోకండి, లేకపోతే ముందు టైర్లు అంచుల్లో తినేస్తాయి.