అమెరికా కళాశాలల ప్రవేశాల్లో ‘తక్కువ ప్రాతినిధ్యం గల మైనారిటీలు’ ఎవరు?

ప్రశ్న: మా అమ్మాయి వచ్చే ఏడాది అమెరికాలో కళాశాలలకు దరఖాస్తు చేయబోతోంది. అక్కడి జనాభాలో మైనారిటీలే అయిన భారతీయ సంతతివారిని ఈ వర్గంలో ఎందుకు చేర్చరో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు: సంఖ్యలో తక్కువగా ఉండటం ఒక్కటే కొలమానం కాదండి, దేశ జనాభాలో ఒక వర్గానికి ఉన్న వాటా కంటే కళాశాలల్లో దాని వాటా తక్కువైనప్పుడే ఈ మాట వర్తిస్తుంది. సాధారణంగా నల్లజాతివారు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవారు), అమెరికా, అలాస్కా ఆదివాసులు ఇందులోకి వస్తారు. హవాయి మూలవాసులను, పసిఫిక్ ద్వీపవాసులను కూడా చాలా సంస్థలు కలుపుతాయి. ఆసియన్లను చాలాచోట్ల చేర్చరు.

రెండో జవాబు: ఆ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. ‘ఆసియన్లు’ అనే ఒకే గడిలో భారతీయులతోపాటు, యుద్ధాల మూలంగా శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ (ఆగ్నేయాసియా కొండప్రాంతాల ఒక జాతి), కంబోడియా, లావోస్ కుటుంబాలను కూడా కలిపేయడం వల్ల, డిగ్రీ చదివినవారు తక్కువగా ఉన్న ఆ సముదాయాల వెనుకబాటు సగటులో కనిపించకుండా పోతోంది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. పైగా నిర్వచనం కూడా స్థిరమైనది కాదు: అమెరికా వైద్య కళాశాలల సంఘం 2003లో నాలుగు వర్గాల పాత జాబితాను వదిలి, జనాభాతో పోల్చి చూసే పద్ధతికి మారింది.

మూడో జవాబు: 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, జాతిని బట్టి ప్రవేశాల్లో మొగ్గు చూపడం చెల్లదు. అయితే జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి దరఖాస్తుతో పంపే వ్యాసంలో రాయవచ్చునని అదే తీర్పు చెప్పింది.