ఉబ్బరానికి పాంటోప్రజోల్ పనిచేస్తుందా? మోతాదు పెంచాలా?

గోదారిగట్టు:
నాన్నగారికి 58 ఏళ్లు, షుగర్ ఉంది. ఛాతీలో మంట, పులి త్రేన్పులకు పాంటోప్రజోల్ 40 ఆరు వారాలుగా పరగడుపున వేసుకుంటున్నారు. మంట పోయింది, ఉబ్బరం పోలేదు. పొద్దున తేలిగ్గానే ఉంటుంది. మధ్యాహ్నం భోంచేసిన రెండు మూడు గంటలకు బొడ్డు కింద బిగిసిపోతుంది, వాయువు పోతే తగ్గుతుంది. బిళ్ల రెండు పూటలా వేయాలా, డాంపెరిడోన్ కలిసినదానికి మారాలా?

మందులకొట్టు:
రెండూ వద్దండి. పాంటోప్రజోల్ జీర్ణాశయంలో ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తుంది, అంతవరకే దాని పని. మీరు చెప్పిన ఉబ్బు పెద్దపేగులో పుట్టే గాలిలా ఉంది. చిన్నపేగులో అరగకుండా మిగిలిన పిండిపదార్థాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడితే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ తయారవుతాయి. మంటనీ ఉబ్బునీ కలిపి ‘గ్యాస్’ అనేస్తాం కాబట్టి ఒకదాని మందు రెండోదానికి పడుతోంది. తిన్న వెంటనే పైపొట్టలో మంటా బరువూ కలిసి వచ్చేవాళ్లలో కొందరికి ఈ బిళ్లతో తేలికపడుతుంది.

డాంపెరిడోన్ జీర్ణాశయం త్వరగా ఖాళీ అవడానికి ఇచ్చేది, పెద్దపేగు గాలిని ఏమీ చేయదు. పైగా గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఫ్లూకోనజోల్ (ఫంగస్ మందు) లాంటివి వాడుతున్నప్పుడు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇంతకీ షుగరుకు ఏం వాడుతున్నారు?

గోదారిగట్టు:
గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ 0.2 మూడూ కలిసిన బిళ్ల. రెండు నెలల కిందట దీనికి మార్చారు.

మందులకొట్టు:
ముందు అనుమానించాల్సింది వోగ్లిబోస్‌నే. చిన్నపేగులో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైములను అది అడ్డుకుంటుంది. షుగర్ ఒక్కసారిగా ఎగబాకకుండా ఆపేది ఆ పనే, అరగని అన్నాన్ని పెద్దపేగుకు పంపేదీ ఆ పనే. మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి పొట్ట ఉబ్బిస్తుంది, నెమ్మదిగా విడుదలయ్యే రకంతో ఆ బాధ తగ్గొచ్చు. మీ అంతట మీరు ఆపకండి, షుగర్ పెరుగుతుంది. మార్చిన తేదీ, ఉబ్బరం మొదలైన తేదీ కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి.

ఇంకోటి, ఇది తప్పక గుర్తుంచుకోండి. ఈ బిళ్ల వాడేవారికి షుగర్ పడిపోతే పంచదార త్వరగా పనిచేయదు, దాన్ని విడగొట్టే ఎంజైమునూ వోగ్లిబోస్ ఆపేస్తుంది. గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. 15 గ్రాములు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. షుగర్‌ను మరీ పడగొట్టగల గ్లిమెపిరైడ్ ఉంది కాబట్టి ఆ పొడి ఇంట్లో ఉండి తీరాలి.

పెసరపప్పు:
తిండిలో ఒక్కసారే అన్నీ మానిపించకండి, ఏది కారణమో తేలదు. మొదట రెండు వారాలు పాలు ఆపి చూడండి. తర్వాత శనగలు, అలసందలు, రాజ్మా. ఇవి రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికిస్తే గాలి పుట్టించే చక్కెరలు కొంత పోతాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ కూడా ఉబ్బిస్తాయి. మలబద్ధకం ఉంటే అది ముందు సరిచేయాలి. నీళ్లలో వేస్తే పొంగే సోడా పొడి వద్దు. అది ఆమ్లంతో కలిసి గాలిని పుట్టిస్తుంది, ఆ త్రేన్పులనే జనం ఉపశమనం అనుకుంటారు.

మందులకొట్టు:
పాంటోప్రజోల్ గురించి మిగిలినవి. మంట పోయింది కాబట్టి ఎన్నాళ్లు కొనసాగించాలో అడగండి. నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపితే కొన్నాళ్లు ఆమ్లం ఎక్కువగా ఊరి మంట తిరగబెట్టవచ్చు, అందుకే మెల్లగా తగ్గిస్తారు. దీర్ఘకాలం వాడితే ఇదీ మెట్‌ఫార్మినూ రెండూ విటమిన్ బి12 తగ్గిస్తాయి, ఆ పరీక్ష చేయించండి. హెచ్.పైలోరికి (జీర్ణాశయంలో పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా) శ్వాస లేదా మల పరీక్ష రాస్తే రెండు వారాల ముందే ఈ బిళ్ల ఆపాలి, లేకపోతే ఉన్నా లేనట్టు రావచ్చు.

బరువు తగ్గడం, నల్లటి విరేచనం, మింగలేకపోవడం, రక్తం తగ్గడం కనిపిస్తే ఆగకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఇది చదివే ఆడవాళ్లకు కూడా: 50 దాటాక కొత్తగా మొదలైన ఉబ్బరం వారాలపాటు వదలకపోతే అండాశయ క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి అండాశయాల స్కానింగ్, సీఏ-125 రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి.