చలిగాలి వచ్చే సందులన్నీ మూసేయాలా, కొన్ని వదలాలా?

పటాన్‌చెరు నివాసి:
డిసెంబరు, జనవరిలో మా వైపు తెల్లవారుజామున ఒక్కోసారి 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. కిటికీలు మూసినా మెడకు గాలి తగులుతోందని అమ్మ అంటోంది. రాత్రి ఫ్యాన్లు ఆపి, అగరుబత్తి వెలిగించి కిటికీ చుట్టూ మెల్లగా తిప్పాను. రెండు స్లైడింగ్ తలుపులు కలిసే చోట పొగ గదిలోకి వంగింది. ఏసీ పైపు కన్నం దగ్గరైతే చెదిరిపోయింది. మొత్తం సిలికాన్‌తో మూసేద్దామని నేను, వద్దని మా బావగారు. మీరేమంటారు?

అల్యూమినియం పనివాణ్ణి:
జరిగే తలుపుకు సిలికాన్ పెట్టకన్నా, ఇక తెరుచుకోదు. తలుపు అంచున నూగు నూగుగా ఊలు పట్టీ ఉంటుంది. అది అరిగి చదునైపోతే సందు పడుతుంది. పాతది లాగి కొత్తది ఎక్కిస్తే సరిపోతుంది. కింది ట్రాకుకు బయటవైపు ఉండే చిన్న బెజ్జాలు మాత్రం ముట్టుకోకు. వాన నీళ్లు పోయే దారి అదే. మూస్తే జులైలో నీళ్లు ఇంట్లోకే వస్తాయి.

మూడో అంతస్తు:
ఇదంతా అనవసరం. మన ఇళ్లలో హీటర్లు లేవు. గోడలు, స్లాబు చల్లబడ్డాక ఎన్ని సందులు మూసినా గది వెచ్చబడదు. అమ్మగారి మంచం లోపలి గోడ వైపు జరపండి.

అల్యూమినియం పనివాణ్ణి:
గది వెచ్చబడుతుందని నేనూ అనలేదు. కదిలే గాలి ఒంటి వేడిని లాగేస్తుంది, ఫ్యాన్ కింద చల్లగా ఉండేది అందుకేగా. ఆ గాలి ఆగితే పెద్దవాళ్లకు హాయి. మేలో ఏసీ చల్లదనం బయటికి పోయేదీ ఈ సందుల్లోంచే.

మూడో అంతస్తు:
ఏసీ సంగతి ఒప్పుకుంటాను. చలికి మాత్రం మంచం జరపడమే నా మాట.

ఇద్దరు పిల్లల తల్లి:
తమ్ముడూ, బాత్రూంలో గ్యాస్ గీజరు ఉందా? ఉంటే అక్కడి వెంటిలేటరు ఎట్టి పరిస్థితుల్లో మూయొద్దు. చలికని మేం అట్ట అడ్డం పెట్టాం. స్నానానికి వెళ్లిన మా పెద్దది పిలిస్తే పలకలేదు. తలుపు బద్దలుకొట్టి బయటికి తెచ్చాం. గాలి చాలకపోతే గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ వస్తుందట, దానికి వాసన కూడా ఉండదట. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. వంటింటి కిటికీ కూడా కొంచెం తీసే ఉంచండి.

పటాన్‌చెరు నివాసి:
అక్కా, మాదీ గ్యాస్ గీజరే. వెంటిలేటరులో కుక్కిన పాత చీర ఇప్పుడే తీసేసి వచ్చాను. ఏసీ కన్నానికి పుట్టీ రేపు పెడతాను. అన్నా, ఆ ఊలు పట్టీ ఏ సైజు కొనాలి?

అల్యూమినియం పనివాణ్ణి:
పాత ముక్క ఒకటి కోసి షాపుకు పట్టుకెళ్లు. గాడి వెడల్పు కలవకపోతే ఊడిపోతుంది.